మీ అమ్మొచ్చి పోయింది

పరుపులన్నీ ఎండలో వేయమని లూర్దు సిస్టర్ చెప్పినప్పుడు శంకరమ్మ ఏమీ అనుకోలేదు. ఏటా పెద్ద పరీక్షలు అయిపోవస్తుంటే పరుపులు ఎండవేయడం, ఇనుప మంచాల సందుల్లో నల్లుల మందు కొట్టడం ఆ బోర్డింగులో మామూలే. కొంగు నడుముకి దోపుకుని, పరుపుని సగానికి మడిచి భుజానికెత్తుకుని, చెక్కమెట్లు ఒక్కొక్కటే దిగుతూ అడిగింది.

"నల్లులు మస్తయినయి సిస్టరమ్మా. ఈసారి రెండెండలు తగలనిద్దామా?"

సిస్టర్ వరండాలో నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటోంది. "ఒక్క ఎండ చాల్లే శంకరమ్మా. దింపినవి మళ్లీ పైకెక్కించక్కర్లేదు" అంది.

అలా తెలిసింది శంకరమ్మకి, బోర్డింగు మూసేస్తున్నారని. పిల్లలకి ముందురోజే తెలుసట. వంటాయన గౌరయ్యకి పిల్లలకన్నా ముందే తెలుసట. ఇన్నేళ్లుగా ఆ మేడలోనే పడుకుని, ఆ మేడలోనే లేచే మనిషికి మాత్రం చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆయాకి చెప్పేదేముంటుంది, తలుపులు వేయమన్నప్పుడు వేస్తుంది కదా అనుకుని ఉంటారు.

తెల్లదొరల కాలంలో, పటాలం ఆఫీసర్ల ఆడపిల్లల కోసం సముద్రాలు దాటొచ్చిన సిస్టర్లు కట్టించిన రాతి మేడ అది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. దొరల పిల్లలు పోయాక జాగీర్దార్ల పిల్లలు వచ్చారు, వాళ్లూ పోయాక చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు వచ్చారు. ఇప్పుడు చుట్టూ విల్లాలు లేచాయి. వాటిల్లో ఉండేవాళ్లు పిల్లల్ని ఏసీ బస్సులో పొద్దున పంపి సాయంత్రం తెచ్చుకుంటారు, రాత్రిళ్లు రాతిమేడలో ఎందుకు పడుకోబెడతారు? పైఅంతస్తులో కంప్యూటర్ల గదులు కడతారట. సిస్టర్లే ఊడ్చి లెక్కిస్తే ముగ్గురు మిగిలారు, అందులో ఒకావిడకి చెవులు వినపడవు.

శంకరమ్మ పరుపు ఎండలో పడేసి దాన్ని రెండు చేతులతో బాదింది. దుమ్ము లేచింది. ఇంకొకటి తెచ్చి దాన్నీ బాదింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియనప్పుడు పరుపులు బాగా పనికొస్తాయి.

తన సంగతి తర్వాత. రావల్కోల్‌లో తమ్ముడున్నాడు. మరదలు ఏడుస్తూనో తిడుతూనో కొట్టం పక్కన ఒక మంచం వేయకపోదు. శంకరమ్మ గుండెల్లో రాయి పడింది లిఖిత అనే పిల్ల గురించి.

ఆ బోర్డింగులో నెలకొక ఆదివారం విజిటింగు. ఆ రోజు తల్లిదండ్రులు డబ్బాలు పట్టుకొచ్చి కింద పార్లర్‌లో కూర్చుంటారు. పార్లరంటే సింగారించుకునే చోటు కాదు, కాన్వెంటులో వచ్చినవాళ్లు కూర్చునే గదికి అదే పేరు. ఎవరి తాలూకు వచ్చారో చూసుకుని, మెట్ల కింద నిలబడి, ఆ పిల్ల పేరు పైకి వినపడేలా కేకేయడం ఆయా పని. కేక పడగానే పైన చెప్పుల టకటక, మెట్ల మీద గజిబిజి. ఎవరి పేరు ముందు పడిందన్నది పిల్లలకి వారం రోజుల ముచ్చట. శంకరమ్మ గొంతు గండిమైసమ్మ చౌరస్తా దాకా వినపడుతుందని గౌరయ్య వెక్కిరించేవాడు.

లిఖితని తెచ్చి చేర్పించిన అమ్మమ్మ కాలం చేశాక ఆ పిల్ల పేరు ఎప్పుడూ పడేది కాదు. అయినా ప్రతి విజిటింగుకీ తల నున్నగా దువ్వించుకుని, రిబ్బన్లు కట్టించుకుని, పైమెట్టు మీద కూర్చునేది. ఏడ్చేది కాదు, అదే శంకరమ్మ ఓర్చుకోలేని సంగతి. ఏడ్చే పిల్లనైతే ఊరడించవచ్చు. ఒక ఆదివారం అందరి పేర్లూ అయిపోయాక, ఆ మెట్టు మీద కూర్చున్న పిల్లని కింద నుంచి చూసి, శంకరమ్మ నోరు ఆగలేదు.

"లిఖితా! ఓ లిఖితా! మీ అమ్మొచ్చి పోయిందే!"

పిల్ల మూడేసి మెట్లు దూకుతూ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది శంకరమ్మకి, చేతిలో ఏమీ లేదని. "ఆటో ఆగలేదు బిడ్డా, డబ్బా ఇచ్చి పోయింది. వంటింట్ల పెట్టిన, తెస్త ఆగు" అని వంటింట్లోకి పరుగుతీసి, పొద్దుటి చపాతీలు చిదిమి, బెల్లం తురిమి, గౌరయ్య చూడనట్టు చూస్తుండగా నెయ్యి పోసి పిసికి, మలిద ముద్దలు కట్టింది. లిఖిత ఒక ముద్ద తిని, మిగిలినవి డార్మెట్రీ అంతా పంచింది. ఆ రోజు ఆ పిల్ల మొహం చూసినవాళ్లెవరైనా మళ్లీ నెల అదే పని చేస్తారు. శంకరమ్మా చేసింది. "మీ అమ్మకు మలిద తప్ప ఇంకేం రాదా?" అని తోటిపిల్లలు ఎగతాళి చేస్తే, మరుసటి నెల పల్లిపట్టి చేసింది. ఆ తర్వాత సకినాలు. అబద్ధం కూడా వంట లాంటిదే, రోజూ చేస్తుంటే చేయి తిరుగుతుంది.

ఆ సాయంత్రం లూర్దు సిస్టర్ లిఖితని ఆఫీసుకి పిలిపించింది. శంకరమ్మ అదే గదిలో పాత దోమతెరలు మడతపెడుతోంది. రెండు కొసలు గడ్డం కింద పట్టుకుని, మిగతాది చేతుల మీదుగా దించుకుంటూ, వినీ విననట్టు వింటోంది.

"ఇలా రామ్మా లిఖితా" అంది సిస్టర్. ఆవిడది గుంటూరు వైపు, మాట మెత్తన. "వరంగల్ దగ్గర మన సిస్టర్లదే ఇంకో బోర్డింగుంది. పదో తరగతి దాకా చదువుకోవచ్చు. చాలా బతిమాలితే ఒకే ఒక్క సీటు ఇస్తామన్నారు. నాకు ముందు నువ్వే గుర్తొచ్చావు. వెళ్తావా?"

శంకరమ్మ చేతిలో దోమతెర ఆగింది. మనసులోనే ఎల్లమ్మకి దండం పెట్టుకుంది.

"నాకొద్దు సిస్టర్" అంది లిఖిత. "మా క్లాసు సనాకియ్యుండ్రి. వాళ్ల అబ్బా ఈ ఎండకాలం నించి ఆమెను బడి మాన్పిస్తనన్నడట. నాకు మా అమ్మున్నది గద. అమ్మ దగ్గర్నే ఉండి చదువుకుంట."

సిస్టర్ కళ్లద్దాల మీదుగా చూసింది. "అమ్మ ఉంది, సరే. నిన్ను చూడ్డానికి లోపలికైతే ఎప్పుడూ రాలేదు కదమ్మా."

"గేటు దాకొస్తది సిస్టర్, నెల నెలా వస్తది. బట్టల షాపుల పని గద, ఆదివారమే గిరాకుంటది, షేటు పంపడు. ఆటో ఆపుకొని డబ్బా ఇచ్చి ఉరుకుతది. నేను కనపడితే ఏడ్పొస్తదని పైకి రాదు." ఆ పిల్ల గుక్కతిప్పుకోకుండా చెప్పింది. బట్టల షాపూ, షేటూ, ఏడుపూ అన్నీ శంకరమ్మ ఒక్కో నెలా ఒక్కోటి కల్పించి ఇచ్చినవే. "కావాల్నంటే అవ్వనడుగుండ్రి. అవ్వనే గద గేటు కాడ తీస్కునేది."

ఇద్దరూ శంకరమ్మ వైపు తిరిగారు. ఆమెకి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. నిజం చెప్పాల్సిన సమయమంటూ ఒకటుంటే అదే. కానీ ఆ పిల్ల గడ్డం పైకెత్తి, తన సాక్షి తనవైపు ఉందన్న ధీమాతో, నవ్వుతూ చూస్తోంది. ఆ నవ్వు మీద మట్టి కొట్టడం శంకరమ్మ వల్ల కాలేదు.

"ఆ... వస్తది సిస్టరమ్మా" అంది.

సిస్టర్ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఒక్క సీటుని ఇద్దరు పిల్లల మధ్య ఎలా కోయాలా అని ఆవిడ ఎన్ని జపమాలలు తిప్పిందో. ఫోను తీసి లిఖిత తల్లికి చేసింది. నాలుగు మాటలు మాట్లాడి, "సరే పంపండి అంటోంది" అని ఫోను పెట్టేసింది. లిఖిత ఎగిరి సిస్టర్ చేయి పట్టుకుంది. శంకరమ్మ తనకి తనే చెప్పుకుంది. తల్లే పంపమన్నాక ఇంకేం? కన్నకడుపు కదా, ఇన్నాళ్లూ రాలేకపోయి ఉంటుంది. పిల్ల గడప తొక్కితే కరగదా?

ఆ ఊరట తెల్లవారేదాకా కూడా నిలబడలేదు. నెలకొక్కసారైనా గేటు దాకా రాని మనిషి గడపలోకి ఎట్లా రానిస్తుందన్న మాట ఒకటే తొలిచేసింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే కాబోలు. తను నెల నెలా పిసికిన మలిద ముద్దలే ఆ పిల్ల నోటి దగ్గరి కూడు లాగేశాయి. పొద్దున్నే మొహం కడుక్కుని, ఏదైతే అదైందని, సిస్టర్‌తో ఉన్నమాట చెప్పేద్దామని ఆఫీసుకి వెళ్లింది.

వెళ్లేసరికి అక్కడ సనా, కబురందుకుని వచ్చిన ఆమె తండ్రి ఇనాయతుల్లా ఉన్నారు. ఆయన టమాటా తోట మనిషి. చెప్పులు గుమ్మం బయటే వదిలి, ఒక గంపెడు టమాటాలు బల్ల పక్కన దించి, టోపీ సర్దుకుంటున్నాడు.

"పైసల్లేక బంద్ చేపిస్తనన్న గనీ, చదువొద్దని కాదు సిస్టర్" అంటున్నాడు. "రాత్రి నించి పిల్ల అన్నం ముట్టలేదట, ఖుషీతోని. మీ మేలు మరువం."

సనా శంకరమ్మని చూసి వచ్చి నడుం వాటేసుకుంది. "అవ్వా, నేను వరంగల్ పోతున్న! లిఖిత ఇప్పిచ్చింది!" అంది. శంకరమ్మ ఆ పిల్ల తల నిమిరింది. ఏం చేస్తుంది మరి?

వాళ్లు బయటికి వెళ్లాక, టమాటాల్లో పచ్చివీ పండువీ వేరు చేస్తున్న నెపంతో కింద చతికిలబడి, తల ఎత్తకుండా మొత్తం చెప్పింది. సిస్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అంతా విన్నాక, "ఎంత పని చేశావు శంకరమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

"ఇంకొక్క సీటు అడుగుండ్రి సిస్టరమ్మా. నేను ఆడికొచ్చి బట్టలుతుకుత, బాసాన్లు తోముత. జీతమొద్దు."

"అడగలేదనుకున్నావా? ఒక్కదానికే నా తల ప్రాణం తోకకొచ్చింది." సిస్టర్ కిటికీలోంచి బయటికి చూసింది. ఇనాయతుల్లా కూతురి పెట్టె బండికి కట్టుకుని, ఆమెని వెనక కూర్చోబెట్టుకుంటున్నాడు. "ఆ పిల్ల దగ్గర్నించి లాక్కోమంటావా? నువ్వే చెప్పు, లాక్కుంటాను."

శంకరమ్మ చేతిలో టమాటా నలిగింది.

"తల్లి రమ్మంది కదా" అంది సిస్టర్. ఆ మాట శంకరమ్మ కోసం అందో తనకోసం అందో. "దేవుడున్నాడు. పిల్లకి మాత్రం నిజం చెప్పు. ఏమీ తెలియకుండా పంపకు."

చెప్పడమంటే నోరు తెరవడమే అనుకుంది శంకరమ్మ. శనివారం మధ్యాహ్నం దాకా తెరవలేకపోయింది. అప్పటికి పిల్లలు సగంమంది వెళ్లిపోయారు. డార్మెట్రీలో ఊచలు మాత్రం మిగిలిన మంచాలు వరసగా పడున్నాయి. లిఖిత తలంటుకుని వచ్చి, బట్టలుతికే బండ మీద వీపు ఇటుచేసి కూర్చుంది. శంకరమ్మ వెనక కూర్చుని, ఈర్పెనతో పాయ పాయా దువ్వి, పాపిడి తీసి, నూనె అరచేతిలో పోసుకుని మాడుకి పట్టించింది. మొహం కనపడకుండా మాట్లాడొచ్చు, అదొక్కటే సుఖం.

"బిడ్డా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. ఆ మలిద మీ అమ్మ పంపలే. నేనే చేసిన."

లిఖిత నవ్వింది. "ఎప్పుడు? మొన్న నెలనా?"

"మొదటి నించి. సకినాలు నేనే చేసిన, పల్లిపట్టి నేనే చేసిన. మీ అమ్మ ఒక్కపారి గూడ రాలే బిడ్డా. షాపు లేదు, షేటు లేదు. నువ్వు మెట్ల మీద కూసుంటే నా పానం ఆగక అట్లన్న."

వేళ్ల కింద పిల్ల మాడు బిగుసుకోవడం శంకరమ్మకి తెలిసింది. ఒక జడ అల్లడం అయింది, రెండోది సగంలో ఉంది. లిఖిత తల విసురుగా లాక్కుని లేచి నిలబడింది.

"అబద్ధం. నేను పోతుంటే నీకు మంచిగనిపిస్తలేదు. అందుకే గిట్లంటున్నవ్."

"అబద్ధమెందుకంట బిడ్డా? గౌరయ్య తాతనడుగు."

"తాతకు నువ్వు నేర్పి పెట్టినవ్! మా అమ్మ ఫోన్ల పంపమన్నది. సిస్టర్ గూడ విన్నది. నువ్వు ఇగ మాట్లాడకు నాతోని."

ఒక జడ అల్లి, ఒక జడ విప్పుకుని, పిల్ల నీళ్ల తొట్టి దాకా పోయి అక్కడ నిలబడింది. శంకరమ్మ ఈర్పెన చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. అబద్ధానికైతే మెట్లు దూకుతూ వచ్చింది, నిజానికి ఒక్క అడుగు కూడా రాదు. తప్పు పిల్లదా? అబద్ధాన్ని తనే నెయ్యి పోసి పెట్టింది, నిజాన్ని ఉత్త చేతులతో తెచ్చింది.

నీడ గోడ ఎక్కేవేళకి లిఖిత తిరిగొచ్చింది. మళ్లీ వీపు ఇటుచేసి కూర్చుంది. శంకరమ్మ విడిపోయిన పాయలు చేతిలోకి తీసుకుంది.

"జెర్ర గట్టిగ అల్లవ్వా" అంది పిల్ల. "రేపు అమ్మ చూస్తే మంచిగుండాలె."

ఆదివారం రేకు పెట్టెతో ఇద్దరూ బయల్దేరారు. మేడ్చల్‌లో బస్సు మారి, గండిమైసమ్మ దగ్గర షేర్ ఆటో పట్టుకుని, గాజులరామారంలో దిగేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. దారంతా లిఖిత ఇంటి గురించే మాట్లాడింది. అక్కడి బడి పెద్దదా, నల్లా ఇంట్లోనే వస్తుందా, అమ్మకి వంటలో సాయం చేయాలంటే పొద్దున ఎన్నింటికి లేవాలి. శంకరమ్మ ఊఁ అంది, ఆఁ అంది. పెట్టె ఒక చెవి పిల్లా ఒక చెవి తనూ పట్టుకుని, జీడిమెట్ల కంపెనీల వాసన కొట్టే సన్నటి గల్లీల్లో అడుగుతూ అడుగుతూ, మెట్లెక్కి, పై గది తలుపు కొట్టారు.

తలుపు తీసింది జయమ్మ. లిఖిత తల్లి. శంకరమ్మ ఆమెని చూడడం అదే మొదలు. చేతులనిండా సబ్బు నురగ, కాలికి చుట్టుకుని చిన్న పిల్లవాడు. నుదురూ కళ్లూ అచ్చం లిఖితవే. ఆ కళ్లు పిల్లని కింది నుంచి పైదాకా ఒక్కసారి తడిమాయి. సబ్బు చేయి ముందుకి రాబోయి ఆగిపోయింది. లిఖిత పెదాలు "అమ్మా" అనడానికి అప్పుడే విడుతున్నాయి.

"ఎవరే?" అన్నాడు లోపల్నుంచి మగ గొంతు.

జయమ్మ వెనక్కి తిరగకుండా, పిల్ల మొహంలోకే చూస్తూ గట్టిగా జవాబిచ్చింది. "మా అక్క బిడ్డ. చదివే హాస్టలు బందైందట. రెండు దినాలుంటది."

విడిన పెదాలు అలాగే ఉండిపోయాయి. లిఖిత తలతిప్పి శంకరమ్మని చూసింది. నిన్న బండ దగ్గర నమ్మనిదంతా ఆ చూపులో ఇప్పుడు నమ్మింది. శంకరమ్మకి ఆ గడపలోనే నేల చీలితే బాగుండుననిపించింది.

లోపలాయన చాప మీద నుంచి లేచి కూర్చున్నాడు. రాత్రి షిఫ్టు చేసొచ్చిన కళ్లు, మంచి మొహం. "లోపటికి రా బిడ్డా, ఎండల నిలవడ్డవేంది?" అని, పెళ్లాంతో, "పిల్లకు మంచినీళ్లియ్యి. పెట్టె బరువున్నట్టుంది, ఆడ పెట్టిపియ్యి" అన్నాడు. చెడ్డవాడైనా బాగుండేది, శంకరమ్మకి తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

లిఖిత పెట్టె చెవిని తనే అందుకుని, తల వంచుకుని లోపలికి నడిచింది. జయమ్మ తలుపు దగ్గరగా వేసి, మెట్ల మీదికొచ్చింది. నురగ చేతులు చీరకే తుడుచుకుంది.

"నాకు బిడ్డున్నదని ఆయనకు ఎరుక లేదవ్వా. పెండ్లప్పుడే చెప్పలే. ఇప్పుడు చెప్పితే నన్ను ఉంచుకోడు, పిల్లగాణ్ణి నా దగ్గర ఉంచడు."

"మరి ఫోన్ల పంపమన్నవ్ గదమ్మా?"

"ఆయన పక్కన్నే ఉండె. ఏమనాల్నో తోచలే. సరే, సరే అని పెట్టేసిన." ఆమె శంకరమ్మ చేయి పట్టుకుంది. "రెండు దినాలకు వచ్చి తీస్కపోరాదవ్వా? మీ హాస్టలు మళ్ల తెరుస్తరు గద."

"ఇగ హాస్టలే లేదు బిడ్డా. ఏడికి తీస్కపోవాలె?"

జయమ్మ వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. నా వెంట రమ్మని పిల్లని పిలవాలని శంకరమ్మకి నోటి దాకా వచ్చింది. పిలిచి ఎక్కడికి తీసుకుపోతుంది, మరదలు ఇంకా వేయని మంచం మీదికా? ఇద్దరాడవాళ్లూ ఆ ఇరుకు మెట్ల మీద, దారి తప్పిన ఇద్దరు ఒకళ్లనొకళ్లు దారి అడిగినట్టు, చూసుకుంటూ నిలబడ్డారు. పిల్ల కోసం ఏడవాల్సింది ఎవరో తేలక ఇద్దరూ ఏడవలేదు.

లోపల ఆయన మాట వినపడింది. "ఏం పేరు బిడ్డా?"

"లిఖిత, బాబాయ్."

"మీ అమ్మ మంచిగున్నదా?"

కొంచెం ఆగింది ఆ పిల్ల. కొంచెమే. "మంచిగున్నది" అంది.

జయమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. తలుపు వెనక పెట్టె నేల మీద ఈడ్చిన చప్పుడు అయింది. తర్వాత లిఖిత గొంతు, కాన్వెంటులో సిస్టర్లని పిలిచేటప్పటి మర్యాద గొంతు, ఎక్కడా తడబడకుండా పైకి లేచింది.

"పిన్నీ, పెట్టె ఏడ పెట్టాలె?"

జయమ్మ చెంగు దించి, మొహం తుడుచుకుని, "వస్తున్న" అంటూ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.